నలభైమూడు గ్రాముల నేరం

జిల్లా వసతిగృహాల అధికారి భుజంగరావుగారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చేదాకా ఆ జిల్లాలో ఇడ్లీలు ఇడ్లీల్లాగే ఉండేవి. హాస్టలు పిల్లలు వేడిగా ఉంటే తినేవాళ్ళు, చల్లారితే విసుక్కుంటూ తినేవాళ్ళు. అంతకుమించి ఇడ్లీ గురించి ఎవరికీ ఏ అభిప్రాయమూ ఉండేది కాదు.

శిక్షణ పేరు శాస్త్రీయ పాలన. వెళ్ళినవాళ్ళందరికీ ఒక సంచీ, ఒక స్టీలు సీసా, ఒక సూత్రం ఇచ్చి పంపారు. సంచీని భుజంగరావుగారి భార్య తీసుకుంది. సీసా డ్రైవరు చేతికి పోయింది. సూత్రం మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఏం చేస్తాం, జిల్లా చేసుకున్న పుణ్యం.

వచ్చిన మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు. "ఇంతకాలం మనం కళ్ళతో చూసి తనిఖీలు చేశాం. కంటికి ప్రమాణం లేదు. ఇకమీదట సంభావ్యతతో తనిఖీ చేస్తాం," అని ప్రకటించి, ప్లాస్టిక్ తొడుగు వేయించిన ఒక అంకెల పట్టికను బల్ల మీద పరిచారు. అందరూ దాన్ని జాతకచక్రం చూసినంత భక్తిగా చూశారు.

విషయమేమిటంటే, జిల్లాలోని అరవైరెండు హాస్టళ్ళలోనూ నెల్లాళ్ళపాటు ఇడ్లీలు తూచారు. జిల్లా సగటు నలభై గ్రాములని తేలింది. ఒక్కో ఇడ్లీ ఆ నలభైకి అటో ఇటో ఐదు గ్రాములు మారడం మామూలే కాబట్టి విచలనం ఐదు గ్రాములని రాసుకున్నారు. ఇక ప్రతి హాస్టల్లోనూ ఇరవై అయిదు ఇడ్లీలను నమూనాగా తీసి తూచాలి. వాటి సగటు నలభైకి ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ దూరాన్ని విచలనంతో భాగించాలి. వచ్చిందే జెడ్ విలువ. అది ఎటువైపైనా ఒకటి పాయింటు తొమ్మిది ఆరు దాటకపోతే ఇడ్లీ సక్రమం. దాటితే మెమో. అలాంటి సగటు కాకతాళీయంగా రావడానికి సంభావ్యత ఎంతో పట్టిక చెబుతుంది.

ఈ మాటలన్నీ విని ఆ గదిలో నిజంగా ఆనందించినవాడు ఒక్కడే. ఆయన గణాంక సహాయకుడు లోకనాథం. గణాంకశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని ఉద్యోగంలో చేరి, ఇరవై ఎనిమిదేళ్ళుగా సబ్బులూ దుప్పట్లూ ట్రంకుపెట్టెలూ లెక్కపెడుతున్నాడు పాపం. ఇన్నాళ్ళకి తన చదువు తనను వెతుక్కుంటూ ఆఫీసుకొచ్చింది. ఆ పూట ఆయన రెండు కాఫీలు తాగాడు.

మొదటి విడత ఫలితాలు వచ్చాయి. భుజంగరావుగారు స్వయంగా కాలిక్యులేటరు పట్టుకున్నారు. కొండ్రపాలెం హాస్టలు నమూనా సగటు నలభైమూడు గ్రాములు. నలభైకి మూడు ఎక్కువ. మూడుని ఐదుతో భాగించి, జెడ్ విలువ సున్నా పాయింటు ఆరు, సక్రమం అన్నారు. ఆ లెక్కన అరవైరెండు హాస్టళ్ళూ సక్రమమే. అక్కడితో ఊరుకుంటే కథే లేదు. కానీ లోకనాథం నోరు ఊరుకోలేదు.

"సార్, చిన్న సవరణ. విచలనం ఐదన్నది ఒక్క ఇడ్లీకి. ఒక్క ఇడ్లీ ఐదు గ్రాములు అటూ ఇటూ అవుతుంది గానీ, ఇరవై అయిదూ కూడబలుక్కుని ఒకే వైపుకి ఒరగవు కదా సార్. ఎక్కువతక్కువలు వాటిలో అవే సర్దుకుంటాయి. అందుకని సగటు తీసినప్పుడు ఆ ఐదుని ఇరవై అయిదు వర్గమూలంతో, అంటే మళ్ళీ ఐదుతో భాగించాలి. ఒక్క గ్రామే వస్తుంది సార్."

భుజంగరావుగారు మళ్ళీ భాగించారు. మూడు బై ఒకటి, మూడు. పట్టిక చూశారు. అంత సగటు గానీ అంతకు మించి గానీ రావడానికి సంభావ్యత పదివేలలో పదమూడు. "పదమూడా?" అన్నారు భుజంగరావుగారు, దొంగ దొరికిన పోలీసు గొంతుతో. తర్వాత లోకనాథం భుజం తట్టారు. లోకనాథం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ హాస్టల్లో వంటమనిషి ఎవరని అడిగారు. సువార్తమ్మ, అని ఎవరో అన్నారు. పెరిగిన ఛాతీ అక్కడే దిగిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా రోజుకూలీ మీద వండుతున్న సువార్తమ్మను పర్మినెంటు చేసే ఫైలు మూడేళ్ళుగా ఆఫీసులో బల్లలు తిరుగుతోంది. దాన్ని వెనకనుంచి నెడుతున్నవాడు లోకనాథమే. ఇక మిగిలింది ఒక్క వాక్యం, 'ప్రతికూల వ్యాఖ్యలు లేవు' అన్నది. ఆ వాక్యానికే ఇప్పుడు ఆయన తన చేత్తో, వర్గమూలంతో సహా, గండి కొట్టాడు.

మెమో ఆయన చేతే పంపించారు. "సదరు కేంద్రమునందు ఇడ్లీల సగటు బరువు, సంభవించుటకు తగినంత అవకాశము లేకుండానే సంభవించినది. ఇట్టి అనుచిత సంభవమునకు కారణములు మూడు దినములలో తెలుపవలెను," అని ఉంది అందులో.

కొండ్రపాలెం హాస్టల్లో నూరుమంది పిల్లలు. తలకు నాలుగు చొప్పున రోజూ నాలుగొందల ఇడ్లీలు. సువార్తమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని మెమో చదివించుకుని వింది. విన్నాక కొంగుతో చేతులు తుడుచుకుని, "ఏం బాబూ, బరువు తగ్గినయ్యా?" అంది. తగ్గలేదమ్మా, పెరిగాయి అన్నాడు లోకనాథం. ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది, పరాచికమేమోనని. కాదని తెలిశాక ఇంకా ఆశ్చర్యపోయింది.

ఇడ్లీ రేకులు ఏమైనా పెద్దవేమోనని కొలిచాడు. కావు, అన్ని హాస్టళ్ళకీ సర్కారు ఇచ్చిన రేకులే. సోడా వేస్తావా, బొంబాయి రవ్వ కలుపుతావా, అని రాసుకొచ్చిన ప్రశ్నలన్నీ అడిగాడు. ఆమె అన్నిటికీ లేదంది. చివరికి, మరి బరువెందుకొస్తోందమ్మా అన్నాడు.

"గుంట నిండా పిండి పోస్తా బాబూ. గుంట ఉండేది అందుకేగా."

ఈ జవాబును లోకనాథం ఆఫీసు భాషలోకి మార్చి, 'రేకు యొక్క పూర్తి సామర్థ్యము వినియోగింపబడినందున' అని సంజాయిషీ రాసి పెట్టాడు. భుజంగరావుగారు అది చదివి, పూర్తి సామర్థ్యం వినియోగించమని ఈమెకు ఎవరు ఆదేశించారని పక్కన రాశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర లోకనాథం తన భార్య హైమవతిని ఒక లెక్క అడిగాడు. హాస్టలుకి ఇచ్చే మినప్పప్పు ఇంత, రవ్వ ఇంత, దానికి నీళ్ళెన్ని పడతాయి, ఆవిరిలో ఎంత పోతుంది, నాలుగొందల ఇడ్లీలు చేస్తే ఒక్కోటి ఎంత తూగుతుంది. హైమవతి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది, ఆయన కాగితం మీద వేశాడు. నలభైమూడు గ్రాములు వచ్చింది. మళ్ళీ వేశాడు. నలభైమూడే.

"మరి మీ జిల్లాకంతా నలభై ఎట్లా వచ్చిందండీ?" అంది హైమవతి.

లోకనాథం పెరుగు కలుపుకోవడం ఆపేశాడు. ఇచ్చిన సరుకంతా గిన్నెలో వేస్తే నలభైమూడు. నలభై వచ్చిందంటే, ఇడ్లీకి మూడు గ్రాములు గిన్నెలో పడకుండానే ఎవరింటికో దారి పట్టాయన్నమాట. జిల్లా మొత్తమ్మీద పప్పూ రవ్వా పూర్తిగా వేస్తున్న మనిషి దొరకడానికి సంభావ్యత పదివేలలో పదమూడు. ఆయన చదివిన శాస్త్రం సరిగ్గానే చెప్పింది. ఈ ఇడ్లీ ఆ గుంపులోది కాదు అంది, అంతే. నేరం ఎవరిదో అది చెప్పలేదు, అది చెప్పదు కూడా. దానికి ఆఫీసువాళ్ళు కావాలి.

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని ఈ లెక్క భుజంగరావుగారి ముందు పెట్టాడు. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, "లోకనాథం, సగటు జిల్లాది. జిల్లా నాది. సగటును శంకించే అధికారం మన విభాగానికి లేదు. మనకున్న అధికారమల్లా సగటుకు దూరంగా ఉన్నవాళ్ళను శంకించడమే," అన్నారు. లోకనాథం చిత్తం అని బయటికొచ్చి, వరండాలో నిలబడి తనను తాను తిట్టుకున్నాడు.

ఇంతలో పైనుంచి అభినందన పత్రం వచ్చింది. ఇడ్లీకి సంభావ్యత కట్టిన మొదటి జిల్లా మనదే అట. దాంతో భుజంగరావుగారికి ఊపొచ్చింది. నమూనా పెద్దదైతే నిజం ఇంకా దగ్గరవుతుందని శిక్షణలో చెప్పారు కదా, కాబట్టి ఇరవై అయిదు కాదు, వంద ఇడ్లీలు తూచమన్నారు. వంద వర్గమూలం పది. ఐదు బై పది, అరగ్రాము. పాపం అంతవరకు ఒక్క గ్రాము ఎక్కువతో హాయిగా నిద్రపోతున్న హాస్టళ్ళు కూడా తెల్లారేసరికి జెడ్ విలువ రెండు దగ్గర పట్టుబడ్డాయి. సగం జిల్లాకి మెమోలు వెళ్ళాయి. కొండ్రపాలెం జెడ్ విలువ ఆరు. పట్టికలో ఆఖరి గడి మూడున్నర దగ్గరే అయిపోతుంది. సువార్తమ్మకు రెండో మెమో అందింది.

జిల్లాలో వంటశాలల రూపు మారిపోయింది. ఒక హాస్టల్లో కంసాలి త్రాసు కొన్నారు. ఇంకోచోట వంటమనిషి ఉడికిన ఇడ్లీల అంచులు కత్తెరతో కత్తిరిస్తుంటే తనిఖీవాళ్ళు చూసి, ఇడ్లీని కత్తిరించుట నిషిద్ధము అని సర్క్యులరు వేయించారు. మరోచోట తక్కువైన ఇడ్లీలకు పైన చట్నీ చిలకరించి తూయబోయారు. చట్నీ ఇడ్లీలో అంతర్భాగమా కాదా అన్నది తేల్చడానికి ఒక ఉపసంఘం కూర్చుంది. అది ఇప్పటికీ లేవలేదని వినికిడి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. తూచిన ఇడ్లీ సాక్ష్యం కిందికి వస్తుంది. సాక్ష్యాన్ని తినకూడదు. ఒక్కోదాన్నీ కవరులో పెట్టి, నంబరు వేసి, లక్క సీలు కొట్టి ఆఫీసుకి పంపాలి. ఇరవై అయిదు పోయినప్పుడు పెద్ద పిల్లలు తలా ఒకటి వదులుకుని సర్దుకున్నారు. వంద పోయినప్పుడు సువార్తమ్మ మిగిలిన మూడొందలూ తలకు మూడు పంచింది. ఎందుకు తగ్గిందని చిన్నపిల్ల ఒకతె అడిగితే, నాలుగోది ఆఫీసులో ఉద్యోగం చేస్తోందమ్మా అని చెప్పింది.

వంద ఇడ్లీల విడతలోనే ఒక ఇబ్బంది తలెత్తింది. భుజంగరావుగారి బావమరిది చిట్టిబాబు ఇంకో హాస్టలుకి వార్డెను. మొదటి విడతలో నలభై దగ్గరే ఉన్న అతని ఇడ్లీల సగటు ఈసారి ముప్ఫై ఆరున్నర. జెడ్ విలువ సున్నాకి కిందివైపున ఏడు. మెమో టైపు చేశారు గానీ అది డిస్పాచి బల్ల దాకా వెళ్ళకముందే మార్గదర్శకాలకు కొత్తగా తొమ్మిదో నియమం వచ్చి చేరింది. దాన్ని టైపు చేసింది కూడా లోకనాథమే. "పట్టిక పరిధిని దాటిన జెడ్ విలువ గల ఫలితము సంభవించుటకు వీలులేనిది గనుక, సదరు ఫలితము సంభవించనట్లే పరిగణించవలెను. సంభవించనిదానిపై ఎట్టి చర్యయు తీసుకొనరాదు. ఈ నియమము నేటినుండి అమలులోనికి వచ్చును." కింద భుజంగరావుగారి సంతకం, పచ్చసిరాతో. చిట్టిబాబు మెమో చెత్తబుట్టలోకి వెళ్ళింది. సువార్తమ్మది అప్పటికే వెళ్ళిపోయింది కాబట్టి ఆమెకు ఈ నియమం అందలేదు.

చివరికి పర్మినెంటు ఫైలు భుజంగరావుగారి బల్ల మీదికి వచ్చింది. రెండు మెమోలున్న మనిషిని ఊరికే తోసిపుచ్చితే అశాస్త్రీయమనిపించుకుంటుందని, తానే వచ్చి నాలుగొందల ఇడ్లీల నమూనాతో తుది పరీక్ష చేస్తానన్నారు. ఫలితం తేడాగా వస్తే పర్మినెంటు మాట దేవుడెరుగు, ఉన్న కూలీ కూడా ఆఖరు. నాలుగొందలంటే అక్కడ వండేవన్నీ అవే కదా సార్ అని లోకనాథం గొణిగాడు. అంతకన్నా సంపూర్ణమైన నమూనా ఏముంటుంది అని ఆయన మురిసిపోయారు.

ముందురోజు సాయంత్రం లోకనాథం కొండ్రపాలెం వెళ్ళాడు. తల దించుకునే, రేపొక్కరోజు గుంటలో కాస్త తక్కువ పోయమ్మా, మూడు గ్రాములే, నీ ఉద్యోగం నిలబడుతుంది అన్నాడు. సువార్తమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది.

"మిగిలిన పిండి ఏం జేసుకోను బాబూ? పిల్లల పిండది. పంతొమ్మిదేళ్ళాయె, ఇప్పుడు ఇంటికెట్టా మోసుకుపోను?"

లోకనాథం ఖాళీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టి బస్సుకి బయల్దేరాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికే జీపు దిగింది. మెత్తని తెల్లటి ఇడ్లీలు ఆవిర్లు కక్కుతూ రేకుల్లోంచి ఊడి వస్తున్నాయి. లోకనాథం ఒక్కోటీ తూచి అంకె చెబుతుంటే గుమాస్తా రాస్తున్నాడు, అటెండరు కవరులో పెట్టి సీలు వేస్తున్నాడు. నూరుమంది పిల్లలు కంచాలు ముందు పెట్టుకుని వరండాలో రెండు బారులుగా కూర్చున్నారు. మొదట కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత కంచాలు వాయించారు. ఎనిమిదయ్యేసరికి అదీ మానేసి, కవర్ల గుట్టనే చూస్తూ కూర్చున్నారు. భుజంగరావుగారు కూడా పొద్దున్న ఏమీ తినకుండా బయల్దేరారు. అల్లం చట్నీ పోపు వాసన వచ్చినప్పుడల్లా ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. సువార్తమ్మ మాత్రం పొయ్యి కడుక్కుంటోంది.

ఎనిమిదిన్నరకు నాలుగువందలోది తూగింది. సగటు నలభైమూడు గ్రాములు. నాలుగొందల వర్గమూలం ఇరవై. ఐదు బై ఇరవై, పావుగ్రాము. మూడుని పావుతో భాగిస్తే పన్నెండు.

"పన్నెండు!" భుజంగరావుగారు లేచి నిలబడ్డారు. దేశంలో ఏ ఇడ్లీకీ ఇంత జెడ్ విలువ వచ్చి ఉండదన్న గర్వం కూడా ఆ గొంతులో ఉంది. ఇక రాసుకోమన్నారు. సదరు వంటమనిషి ఇడ్లీల సగటు పట్టిక పరిధిని దాటి, సంభవించుటకు వీలులేని విధముగా, అని చెప్పుకుపోతున్నారు. లోకనాథం రాసుకుపోతున్నాడు. రాస్తూ రాస్తూ ఆగిపోయాడు. ఈ మాటలు తనకు తెలుసు. తనే టైపు చేశాడు. తొలగించాలన్న వాక్యం ఇంకా భుజంగరావుగారి నోట్లోంచి రాలేదు. ఆయన కలం కింద పెట్టాడు.

"సార్, తొమ్మిదో నియమం," అన్నాడు.

అది తగ్గినవాళ్ళకి కదయ్యా అన్నారు భుజంగరావుగారు. తగ్గినా పెరిగినా అని అందులో లేదు సార్, పరిధి దాటితే చాలు అని లోకనాథం సంచీలోంచి కాగితం తీసి, పచ్చసిరా కనబడేలా పట్టుకున్నాడు. "పన్నెండు పరిధి దాటింది సార్. కాబట్టి ఈ ఇడ్లీలు సంభవించలేదు. సంభవించనిదాని మీద చర్య తీసుకోరాదు. నియమం వద్దంటే రద్దు చేద్దాం సార్. రద్దయితే చిట్టిబాబుగారి మెమో మళ్ళీ తీయాల్సి వస్తుంది."

భుజంగరావుగారు ఆ కాగితాన్ని తిరగేసి చూశారు. వెనకవైపు ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నారు. బావమరిది గుర్తొచ్చాడు, బావమరిది అక్కగారు కూడా గుర్తొచ్చారు.

"అయితే ఇడ్లీలు లేవంటావు," అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా.

"నియమం ప్రకారం లేవు సార్. ఆ నాలుగొందల కవర్లూ ఖాళీవే. ఖాళీ కవర్లను జీపులో వేసుకుని అంత దూరం ఎందుకు సార్?"

భుజంగరావుగారు అధికారులు అప్పుడప్పుడూ చేసే పనే చేశారు, కిటికీ వైపు తిరిగి ఆకాశం చూశారు. లోకనాథం పిల్లల వైపు చూసి తల ఊపాడు. అంతే, నూరుమంది లేచి కవర్ల మీద పడ్డారు. లక్క సీళ్ళు పటపటా విరిగాయి. సువార్తమ్మ చట్నీ బకెట్టు పట్టుకుని బారుల మధ్య పరుగులాంటి నడకతో తిరిగింది. ఎవరి కంచంలో ఏ నంబరు ఇడ్లీ పడిందని పిల్లలు పోల్చుకుని నవ్వుకున్నారు. స్కూలు గంట కొట్టేలోగా ఒక్క కవరూ మిగల్లేదు. లోకనాథం అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆవిరి పట్టిందని చెప్పుకున్నాడు గానీ ఇడ్లీలు ఎప్పుడో చల్లారాయి.

ఆ సందడి అణిగాక సువార్తమ్మ పొయ్యి మళ్ళీ వెలిగించి, గిన్నె అడుగున మిగిలిన పిండితో ఆఖరి వాయి వేసింది. కంచంలో నాలుగు వేడి ఇడ్లీలు పెట్టి భుజంగరావుగారి ముందుంచింది, తినండి అయ్యగారూ, పొద్దెక్కింది అంది. ఆయన తినవచ్చా అన్నట్టు లోకనాథం వైపు చూశారు. తూయలేదు సార్ అన్నాడు లోకనాథం. ఆయన నాలుగూ తిన్నారు. నాలుగోది తింటున్నప్పుడు, ఇడ్లీ అంటే ఇలా ఉండాలయ్యా అని నోరుజారి, వెంటనే దగ్గారు.

పర్మినెంటు ఉత్తర్వు పదిహేను రోజులకు వచ్చింది. లోకనాథమే తీసుకెళ్ళి, వంటింటి గుమ్మంలో నిలబడి చదివి వినిపించాడు. పాత మెమోలు రెండూ రద్దు. నేటినుంచి క్రమబద్ధీకరణ. ఆఖరున వ్యాఖ్యల గడిలో భుజంగరావుగారు సొంత దస్తూరీతో ఒక వాక్యం రాశారు. "తుది పరీక్షయందు ఈమె ఇడ్లీలు వండినట్లు దాఖలాలు లేవు. కావున ప్రతికూల వ్యాఖ్యలు లేవు."

సువార్తమ్మ అది రెండుసార్లు చదివించుకుంది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు నవ్వుకి వచ్చినవేనా అంటే, కొన్ని పంతొమ్మిదేళ్ళవి కూడా ఉండే ఉంటాయి.

తర్వాత ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో భద్రంగా పెట్టి, ఉండండి బాబూ మజ్జిగ ఇస్తానని లేచింది. వెళ్తూ వెళ్తూ రేపటి ఇడ్లీలకు మినప్పప్పు కొలిచి నానబోసింది. కొలిచినదంతా గిన్నెలోనే పడింది.